ముఖానికి ఫిల్లర్ ఎక్కించేటప్పుడు రక్తనాళాన్ని కాపాడుకునే పద్ధతి

పెదవి నిండుగా కనిపించాలని, కంటి కింది గుంట పూడాలని, ముక్కు దూలం తీరుగా ఉండాలని ఎక్కించే ఫిల్లర్లలో ఎక్కువ భాగం హైలురోనిక్ యాసిడ్ జెల్‌లే. ఆ పదార్థం మన చర్మంలో సహజంగా ఉండేదే. దాని గొలుసులను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేసి చిక్కబరచడం వల్ల అది నెలల తరబడి కరగకుండా నిలుస్తుంది. చర్మం కింద కొవ్వులోనో, ఎముక మీదనో కుదురుకున్నంత కాలం దానితో పెద్ద ప్రమాదం లేదు. అదే జెల్ ఒక చుక్క ధమనిలోకి జారితే మాత్రం ఆ ధమని మీద ఆధారపడిన చర్మానికి రక్తం అందక అది నల్లబడి కుళ్లిపోవచ్చు, కొన్ని చోట్ల కంటి చూపే శాశ్వతంగా పోవచ్చు. ఈ ప్రమాదాన్ని ఎలా తగ్గించుకోవాలో, జరిగితే మొదటి గంటలో ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ పొంది, ఈ పనిలో కొత్తగా చేయి పెడుతున్న నమోదిత వైద్యులను ఉద్దేశించి రాసినా, చేయించుకోబోయేవారు కూడా చదవాలని నా కోరిక, ఎందుకంటే ఎదుటివారు ఏం చేయాలో తెలిసినవారే సరైన ప్రశ్న అడగగలరు. చదివి ఇంట్లో ప్రయత్నించడానికి మాత్రం ఇది పనికిరాదు. సూది లేకుండా గాలి ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్నులను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021 అక్టోబరులోనే హెచ్చరించింది, అయినా అవి ఆన్‌లైన్‌లో దొరుకుతూనే ఉన్నాయి.

ముందుగా ధమనుల దారి తెలియాలి. ముఖ ధమని దవడ ఎముక అంచు మీద, పళ్లు బిగించినప్పుడు ఉబ్బే కండరానికి సరిగ్గా ముందు, పైకి ఎక్కుతుంది. అక్కడ వేలు పెడితే దాని కొట్టుకోవడం తెలుస్తుంది. నోటి మూల పక్కగా వంకరలు తిరుగుతూ, పై పెదవికీ కింది పెదవికీ కొమ్మలిచ్చి, ముక్కు పక్కగా కంటి లోపలి మూల వైపు సాగుతుంది. కనుబొమల మధ్య నుంచి నుదుటి మీదికి వెళ్లే రెండు జతల ధమనులు మాత్రం కంటి గూటి లోపలి నుంచి, అంటే కంటికి రక్తమిచ్చే ధమని నుంచే పుడతాయి. ఈ రెండు వ్యవస్థలూ ముక్కు మొదట్లో చేతులు కలుపుతాయి. ముక్కు దూలం మీద ఒక సన్నని ధమనిలో జెల్‌ను గట్టిగా నెడితే, అది రక్తప్రవాహానికి ఎదురీది కంటి ధమని దాకా వెళ్లి, సిరంజి మీద ఒత్తిడి తగ్గగానే రక్తంతో పాటు ముందుకు కొట్టుకుపోయి, కంటి వెనక గోడ మీద చూపునిచ్చే పొర అయిన రెటీనా ధమనిలో ఇరుక్కోగలదు. 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష, ఫిల్లర్ల వల్ల చూపు దెబ్బతిన్న 98 మంది వివరాలను ప్రపంచం నలుమూలల నుంచి ఒకచోట చేర్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన చోటు కనుబొమల మధ్య భాగం, ఆ తర్వాత ముక్కు, ముక్కు పక్క నుంచి నోటి మూలకు దిగే గీత, నుదురు. వారిలో దాదాపు సగం మందికి ఎక్కించింది వారి సొంత కొవ్వే, కాబట్టి మన ఒంటి పదార్థమే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఎంత జెల్ అయితే ఇంతటి ప్రమాదం జరుగుతుందన్నది చాలామంది ఊహించని విషయం. కనుబొమ దగ్గరి ధమనిలో, నుదుటి నుంచి కంటి గూటి చివరి దాకా పట్టే రక్తం సగటున 0.085 మిల్లీలీటరు మాత్రమేనని శవాల మీద చేసిన కొలతలు చెబుతున్నాయి. మామూలుగా ఒక సిరంజిలో ఉండేది ఒక మిల్లీలీటరు. అంటే సిరంజిలో పదో వంతు కూడా లేని జెల్ ఒకే నెట్టులో వెళితే కంటిని చేరడానికి సరిపోతుంది. నా పద్ధతి మొత్తం ఈ ఒక్క కొలత చుట్టూనే తిరుగుతుంది. ఎక్కడా ఒకే చోట 0.1 మిల్లీలీటరుకు మించి ఎక్కించను, ముక్కు మీద అందులో సగానికే ఆగిపోతాను, కనుబొమల మధ్య అసలు ఫిల్లర్ వాడను. అక్కడి గీతలకు కండరాన్ని సడలించే బొటులినమ్ టాక్సిన్ ఉంది, అది ధమనిని మూసివేసే పదార్థం కాదు.

సిరంజి తెరవకముందు

బల్ల మీద హైలురోనిడేస్ లేకపోతే ఆ రోజు ఫిల్లర్ ఎక్కించకూడదు. హైలురోనిక్ యాసిడ్‌ను కరిగించే ఎంజైమ్ అది. మన దేశంలో 1500 యూనిట్ల వయల్‌గా దొరుకుతుంది. ఒక్క వయల్ చాలదు, గంట గంటకూ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి నాలుగైదు వయల్స్ గడువు తేదీ చూసి సిద్ధంగా ఉంచుకోవాలి. దానితో పాటు సెలైన్, యాస్పిరిన్ మాత్రలు, అలర్జీ తీవ్రమైతే ఇవ్వడానికి అడ్రినలిన్, వెంటనే స్పందించే కంటి వైద్యుడి ఫోన్ నంబరు అందుబాటులో ఉండాలి. ఆ కంటి వైద్యుడితో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి, ప్రమాదం జరిగిన నిమిషంలో పరిచయాలు మొదలుపెట్టడానికి సమయం ఉండదు. ఇక కరగని ఫిల్లర్ల సంగతి. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, పాలీలాక్టిక్ యాసిడ్ వంటివాటి మీద హైలురోనిడేస్ పనిచేయదు. కొత్తగా నేర్చుకునేవారు కనీసం మొదటి కొన్నేళ్లు కరిగించగల జెల్‌కే కట్టుబడటం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఎదుటి మనిషితో తీరుబడిగా మాట్లాడాలి. గతంలో ముక్కుకు శస్త్రచికిత్స జరిగిందా, అదే చోట ఇంతకుముందు ఏదైనా ఎక్కించుకున్నారా, అది ఏ పదార్థమో తెలుసా అని అడగాలి. శస్త్రచికిత్స జరిగిన ముక్కులో ధమనులు పాత దారిలో ఉండవు, మచ్చ కణజాలంలో అతుక్కుని సూదికి తప్పించుకోలేవు, కాబట్టి అలాంటి ముక్కును నేను ముట్టుకోను. తేనెటీగో కందిరీగో కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం ఎప్పుడైనా జరిగిందా అనీ అడగాలి, ఆ విషంలో కూడా హైలురోనిడేస్ ఉంటుంది కాబట్టి అటువంటివారికి ఆ మందు పడకపోవచ్చు. పెదవి మీద తరచూ జ్వరపు పొక్కులు లేచేవారికి ముందుగా యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టాలి. ముఖం మీద చీముపొక్కులున్నా, పంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నా వాయిదా వేయాలి. పళ్లకు చికిత్స జరిగితే అటూ ఇటూ రెండు వారాల ఎడం ఉంచాలి.

ముహూర్తాల రోజుల్లో మా దగ్గరికి పెళ్లికి వారం ముందు వచ్చి అడిగేవారు ఎందరో. వాపు, కమిలిన మచ్చ పూర్తిగా తగ్గడానికి రెండు వారాలు పట్టవచ్చు, ఏదైనా తేడా వస్తే సరిదిద్దడానికి ఇంకొంత కాలం కావాలి, కాబట్టి పెళ్లికి కనీసం నెల ముందు కాకపోతే వద్దని చెప్పి పంపడమే వారికి మేలు. ఖర్చు కలిసొస్తుందని అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకే సిరంజి సర్దమని అడిగేవారూ ఉన్నారు. ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకూడదు. అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక స్పాలో ముఖానికి సూదులతో చేసిన రక్త ఆధారిత సౌందర్య చికిత్స ద్వారా ఖాతాదారులకు హెచ్‌ఐవి సోకిందని అక్కడి ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ 2024లో వెల్లడించింది. మిగిలిన జెల్‌ను ఫ్రిజ్‌లో దాచి అదే మనిషికి నెల తర్వాత వాడటం కూడా తప్పే, తెరిచిన సిరంజి ఇక శుభ్రమైనది కాదు.

అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంటే చదవకుండానే సంతకం పెట్టేస్తారు. చర్మం కుళ్లిపోవచ్చు, చూపు పోవచ్చు అన్న రెండు మాటలనూ తెలుగులో, నోటితో, కళ్లలోకి చూసి చెప్పాలి. అవి విని వెనక్కి వెళ్లిపోయినవారు ఉన్నారు, వెళ్లిపోవడం వారి హక్కు.

చర్మాన్ని చూడటం నేర్చుకోవాలి

ధమని మూసుకుపోతే చర్మం తెల్లబడుతుందని, తర్వాత వల అల్లినట్లు ఎర్రని, ఊదా రంగు గీతలు తేలుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ బొమ్మలన్నీ తెల్లని చర్మం మీద తీసినవి. మన చామనఛాయ చర్మం మీద ఆ తెలుపు లేత బూడిద రంగులా, ఒక్కోసారి పౌడరు అంటినట్లు మాత్రమే కనిపిస్తుంది, వల గీతలు అసలే కనిపించకపోవచ్చు. అందుకే రంగును నమ్ముకోకుండా రక్తం తిరిగి నిండే వేగాన్ని చూడాలి. వేలితో చర్మాన్ని 5 సెకన్లు గట్టిగా నొక్కి వదిలితే, ఆరోగ్యంగా ఉన్నచోట 2, 3 సెకన్లలో రంగు తిరిగి వస్తుంది. 4 సెకన్లు దాటితే అనుమానించాలి. పని మొదలుపెట్టక ముందే ముఖం రెండు వైపులా నొక్కి చూసుకుంటే ఆ మనిషికి ఏది సహజమో తెలుస్తుంది. పెదవికి ఎక్కిస్తున్నప్పుడు లోపలి పొర, పంటి చిగుళ్లు కూడా చూడాలి, అక్కడ చర్మపు రంగు అడ్డురాదు.

ఇదే కారణంతో అడ్రినలిన్ కలిపిన మత్తు సూది వాడకూడదు, అది మామూలు చర్మాన్నే తెల్లబరిచి మనల్ని మోసం చేస్తుంది. నరానికి మత్తిచ్చి మొత్తం మొద్దుబార్చడం కంటే పైన రాసే మత్తు క్రీము మేలు. అయితే చాలా ఫిల్లర్లలోనే లిడోకెయిన్ అనే మత్తు మందు కలిసి ఉంటుంది కాబట్టి, నొప్పి లేదంటే ప్రమాదం లేదని అనుకోవడానికి వీల్లేదు.

చేతి పని

మేకప్ పూర్తిగా తుడిచి, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మాన్ని శుభ్రం చేసి, అది ఆరేదాకా ఆగాలి. కంటి చుట్టూ మాత్రం క్లోర్‌హెక్సిడిన్ వాడకూడదు, కంట్లో పడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను దెబ్బతీస్తుంది. అక్కడ పోవిడోన్ అయోడిన్ వాడుకోవచ్చు.

సూదా, మొద్దు కొన ఉన్న సన్నని గొట్టమైన కాన్యులానా అన్న చర్చకు ఒక అధ్యయనం కొంత సమాధానం ఇచ్చింది. అమెరికాలో 370 మంది చర్మవైద్యుల అనుభవాన్ని సేకరించి 2021లో వెలువరించిన ఆ లెక్కలో, సూదితో ఎక్కించినప్పుడు 6,410 సిరంజిలకు ఒకసారి, కాన్యులాతో 40,882 సిరంజిలకు ఒకసారి ధమని మూసుకుపోయింది. తేడా పెద్దదే, కానీ కాన్యులా పట్టుకున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. 27 గేజ్ వంటి సన్నని కాన్యులా ధమని గోడను దాదాపు సూదిలాగే గుచ్చుకుపోగలదు. 25 గేజ్, ఇంకా మేలు అనుకుంటే 22 గేజ్ వాడాలి. కాన్యులా కొవ్వు పొరలో వెన్నలో జారినట్లు సాగాలి. అడ్డు తగిలినప్పుడు బలం పెట్టకుండా, కొంచెం వెనక్కి తీసి కోణం మార్చాలి. బలం పెట్టిన క్షణంలోనే మొద్దు కొన ధమనిలోకి దిగుతుంది.

సూదితో ఎముక మీద ఎక్కించేచోట పిస్టన్‌ను వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం మంచి అలవాటు. రక్తం కనిపిస్తే తీసేసి, కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుని, సూది మార్చి వేరేచోట ప్రయత్నించాలి. రక్తం రాలేదంటే మాత్రం ధమనిలో లేమని అర్థం కాదు. సూదిలో నిండిన చిక్కని జెల్ రక్తాన్ని వెనక్కి రానివ్వదు. 5 నుంచి 10 సెకన్లు లాగి పట్టుకుంటే తప్ప ఆ పరీక్షకు విలువ లేదు, ఆ తర్వాత చేయి వెంట్రుకవాసి కదిలినా కొన వేరేచోట ఉంటుంది. కాబట్టి ఈ పరీక్ష తర్వాత కూడా నెమ్మదిగానే నెట్టాలి. 0.1 మిల్లీలీటరుకు 20 సెకన్లన్నది నేను పాటించే లెక్క. పిస్టన్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వస్తే ఆగాలి. నెడుతున్నంతసేపూ కళ్లు సిరంజి మీద ఉండకూడదు, చర్మం మీద ఉండాలి. సూది దగ్గరే కాకుండా ఆ ధమని వెళ్లే దారి మొత్తం, పెదవికి ఎక్కిస్తుంటే ముక్కు కొన దాకా, చూస్తూ ఉండాలి.

ఇక ఒక్కో చోటి సంగతి. పై పెదవి ధమని నాలుగింట మూడు వంతులకు పైగా సందర్భాల్లో లోపలి తడి పొరకూ కండరానికీ మధ్య ఉంటుంది, కాబట్టి పెదవిలో పైపైనే, 3 మిల్లీమీటర్ల లోతు దాటకుండా సన్నని గీతలుగా ఎక్కించాలి. లోతుగా గుచ్చితే ఎక్కువ ఉబ్బుతుందన్న ఆశే ఇక్కడ ప్రమాదాలకు మూలం. ముక్కు మీద ధమనులు చర్మానికి దగ్గరి పొరల్లో రెండు పక్కలా నడుస్తాయి, అందుకే సరిగ్గా మధ్య గీతలో, ఎముక లేదా మృదులాస్థిని ఆనుకుని లోతుగా ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు రెండో చేతి వేళ్లతో కంటి లోపలి మూలల దగ్గర నొక్కి పట్టుకుంటే జెల్ కంటి వైపు ఎగబాకే అవకాశం కొంత తగ్గుతుంది. ముక్కు పక్క గీతలో ధమని ఎంత లోతున ఉందో మనిషి మనిషికీ మారుతుంది. ఒకవేళ పైభాగంలో ఎముక మీద ఎక్కించాల్సి వస్తే చాలా తక్కువే వాడాలి. నా అనుభవంలో ఆ గీతను నేరుగా పూడ్చడం కంటే చెంపకు కొంచెం ఎత్తు ఇస్తే అదే చాలా వరకు తేలిక పడుతుంది. కంటి కింద, కంటిపాప నుంచి నేరుగా కిందికి ఎముక అంచుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల దిగువన నరమూ ధమనీ బయటికి వచ్చే రంధ్రం ఉంటుంది, దాన్ని తప్పించి ఎముకను ఆనుకునే ఎక్కించాలి. అక్కడ పైపైన పెడితే చర్మం కింద నీలి నీడ కనిపిస్తుంది. కణతల దగ్గర పెద్ద ధమనీ పెద్ద సిరా రెండూ ఉన్నాయి, గడ్డం మధ్యలో ఎముక మీద ఎక్కించడంతో పోలిస్తే అది చాలా కష్టమైన చోటు, కాబట్టి కొత్తవారు దాన్ని ఆఖరున నేర్చుకోవాలి. హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ ప్రోబ్ అందుబాటులో ఉంటే ఈ చోట్లన్నిటా ధమనిని ముందే చూసుకోవచ్చు.

మూసుకుపోతే

చర్మం పాలిపోయినా, అసాధారణంగా నొప్పి వచ్చినా, నొక్కి చూస్తే రక్తం ఆలస్యంగా నిండినా వెంటనే ఆపాలి. కాసేపు చూద్దాం అన్న ఆలోచన రానీయకూడదు. ఐస్ తీసేసి గోరువెచ్చని కాపడం పెట్టాలి, ఐస్ రక్తనాళాలను మరింత బిగిస్తుంది. హైలురోనిడేస్‌ను కొద్దిపాటి సెలైన్‌లో కలిపి, సూది గుచ్చినచోట మాత్రమే కాకుండా రక్తం అందని భాగం మొత్తం పరుచుకునేలా ఎక్కించి, గట్టిగా మర్దన చేయాలి. ఆ ఎంజైమ్ ధమని గోడ గుండా లోపలికి చొరబడగలదు కాబట్టి ధమనిలోకే గుచ్చాల్సిన అవసరం లేదు. ఎంత ఇవ్వాలన్నదానికి విస్తృతంగా వాడుకలో ఉన్న లెక్క ఇది: పై పెదవిలో సగమంత చిన్న ప్రాంతమైతే 500 యూనిట్లు, పెదవితో పాటు ముక్కు పక్క భాగమూ చేరితే 1000, ఇంకా పైకి పాకితే 1500. గంట తర్వాత మళ్లీ నొక్కి చూసి, రక్తం నిండటం సహజ స్థితికి రాకపోతే అదే మోతాదు మళ్లీ ఇవ్వాలి, అలా గంట గంటకూ కొనసాగించాలి. ప్రాణాంతకమైన అలర్జీ చరిత్ర లేనివారిలో చర్మ పరీక్ష కోసం ఆగకూడదు, అడ్రినలిన్ మాత్రం పక్కన ఉండాలి. పడనిది కాకపోతే యాస్పిరిన్ కూడా ఇవ్వాలి. రక్తం పూర్తిగా తిరిగి వచ్చేదాకా ఆ మనిషిని ఇంటికి పంపకూడదు.

ఎక్కిస్తుండగా కన్ను హఠాత్తుగా మసకబారినా, చీకటైనా, కన్ను తీవ్రంగా నొప్పి పుట్టినా, రెప్ప వాలినా, వాంతి వచ్చినా సమయం గుర్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోబెట్టి, ఎక్కించినచోట హైలురోనిడేస్ ఇస్తూనే కంటి వైద్యుడికి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి. మూసిన రెప్ప మీద వేళ్లతో నొక్కి వదులుతూ కంటిని మర్దన చేయాలి. కంటి ఒత్తిడి తగ్గించే చుక్కల మందు, ఎసిటజోలమైడ్ మాత్రలు ఉంటే ఇవ్వాలి. కనుగుడ్డు వెనక మందు ఎక్కించడం శిక్షణ పొందిన కంటి వైద్యుడు నిర్ణయించాల్సిన పని. రెటీనా రక్తం లేకుండా బతికేది నిమిషాల లెక్కలో మాత్రమే. మాట తడబడినా, చేయి పట్టు తప్పినా అది మెదడుకు సంబంధించినది, స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

మొదటి రోజు ఎవరూ గమనించని కేసులు మూడో రోజు వస్తాయి. అలా వచ్చిన ఒక యువతిని నేను మరచిపోలేను. ఒక బ్యూటీ పార్లర్‌లో పై పెదవికి ఎక్కించారు, రాత్రి నొప్పి ఉందని ఫోన్ చేస్తే వాపు సహజమే, ఐస్ పెట్టుకోమన్నారు. మూడో రోజుకు పెదవి మీద, ముక్కు అంచున చిన్న చీముపొక్కులు వరుసగా లేచాయి. ఇంట్లోవాళ్లు సర్పి అనుకున్నారు, మరొకచోట దానికే మందులు రాశారు. నా దగ్గరికి వచ్చేసరికి ముక్కు రెక్క అంచు నల్లబడింది. హైలురోనిడేస్ ఇచ్చినా కొంత భాగం ఊడి మచ్చ మిగిలింది. ఫిల్లర్ ఎక్కించిన రెండు, మూడు రోజుల్లో ఒకవైపు మాత్రమే, ఒక ధమని దారి వెంట పొక్కులు లేస్తే, వేరేది తేలేదాకా అది రక్తం అందకపోవడమే అనుకోవాలి.

అందుకే పని పూర్తయ్యాక అరగంట కూర్చోబెట్టి, రెండు వైపులా మళ్లీ నొక్కి చూసి పంపుతాను. వెళ్లేటప్పుడు తెలుగులో రాసిన ఒక కాగితం ఇస్తాను. నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చర్మం పాలిపోయినా, మచ్చలుగా నల్లబడినా, చూపులో ఏ తేడా వచ్చినా ఏ వేళకైనా ఫోన్ చేయమని, పసుపు ముద్ద, నూనె మర్దన, పొగాకు రెండు వారాలు వద్దని అందులో ఉంటుంది. మరుసటి ఉదయం కిటికీ వెలుగులో తీసిన ఫోటో పంపమంటాను. వాడిన ఫిల్లర్ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరును కేసు షీటు మీద ఒకటి, వారి కాగితం మీద ఒకటి అంటిస్తాను. రేపు మరో ఊళ్లో మరో వైద్యుడి ముందు కూర్చోవాల్సి వస్తే, లోపల ఉన్నది కరిగేదో కాదో ఆ స్టిక్కరే చెబుతుంది.